సూర్యుడి ‘ఓంకారం’: లెక్క ఎక్కడ తప్పింది?

“సూర్యుడి నుంచి ఓంకారం వస్తోంది, నాసా రికార్డు చేసింది.” ఏళ్లుగా వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఇది. ముక్కలు ముక్కలుగా చూద్దాం.

“రికార్డు చేసింది.” అక్కడ మైకు లేదు. సూర్యుడికీ మనకూ నడుమ ఆ శబ్దాన్ని మోసుకొచ్చే గాలీ లేదు. 1995లో ప్రయోగించిన, సూర్యుడిని గమనించే వ్యోమనౌక సోహోలోని ఎండీఐ పరికరం కొలిచింది వెలుగునే. సూర్యకాంతి వర్ణపటంలో 6768 ఆంగ్‌స్ట్రాంల (వెలుగు తరంగదైర్ఘ్యానికి కొలత) దగ్గర నికెల్ వల్ల ఏర్పడే గీత డాప్లర్ ప్రభావంతో, అంటే ఉపరితలం కదలిక వల్ల, ఎటు జరిగిందో చూసి, ఉపరితలం లేస్తోందో దిగుతోందో లెక్కగట్టింది.

“విన్నది విన్నట్టే.” ఉపరితలం ఊగేది సుమారు 5 నిమిషాలకోసారి, అంటే 0.0033 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని ఊపులో ఆ లెక్క). మన చెవికి కనీసం 20 కావాలి. స్టాన్‌ఫర్డ్‌లో అలెగ్జాండర్ కొసోవిచెవ్ 40 రోజుల డేటాలోంచి కొన్ని కంపనాలను వడగట్టి, 42,000 రెట్లు వేగం పెంచితే 140 హెర్ట్జ్ దరిదాపుల్లో ఒక హోరు వచ్చింది. వేగం రెట్టింపు చేసి ఉంటే శ్రుతీ రెట్టింపయ్యేది. అందులో అక్షరం వెతుక్కోవడం వినేవాళ్ల పని.

“సూర్యుడిది ఒకే నాదం.” ఇది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఉపరితలం దాటి పైకి వెళ్తే ఊపు మారుతుంది. ఆ పొరల్ని చూడాలంటే అతినీలలోహిత వర్ణపటం కావాలి. దాన్ని మన వాతావరణం మింగేస్తుంది కాబట్టి పరికరం అంతరిక్షంలోనే ఉండాలి. 2013లో ప్రయోగించిన ఐరిస్ ఉపగ్రహం ఆ పనే చేస్తుంది. 2796 ఆంగ్‌స్ట్రాంల దగ్గరి మెగ్నీషియం గీత ఉపరితలానికి పైనున్న వర్ణావరణం అనే పొరది. 1403 దగ్గరి సిలికాన్ గీత ఇంకా పైన దాదాపు 80,000 డిగ్రీల పొరది. సెకనుకు 1 కిలోమీటరు వేగానికి సిలికాన్ గీత జరిగేది 0.0047 ఆంగ్‌స్ట్రాం, అంటే పిక్సెల్‌లో మూడో వంతు. పరికరం ఉష్ణోగ్రత మారినా గీత జరుగుతుంది. అందుకే తటస్థ నికెల్ 2799.5 గీతను ఆనవాలుగా పెట్టుకుని ఆ జరుగుడును తీసేయాలి. తీయకపోతే ఉపగ్రహం భూమిని చుట్టే కాలమే సూర్యుడి కంపనంలా కనిపిస్తుంది!

పరికరంలోకి వెలుగును పంపే సన్నని చీలికను సూర్యుడి మీద ఒకేచోట నిలపాలి. సూర్యుడు తిరుగుతాడు కాబట్టి, వెంట జరపకపోతే 0.33 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు) చీలిక కిందికి రెండు నిమిషాల్లో వేరే చోటు వచ్చేస్తుంది. పోనీ అటూ ఇటూ తిప్పుతూ 5 నిమిషాలకోసారి అదే చోటికి వస్తామంటే, 3 నిమిషాల కంపనం 15 నిమిషాలదిగా నమోదవుతుంది. లేనిదాన్ని కనిపెట్టడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

ఇవన్నీ సరిచూసుకుని, పది సెకన్లకో వర్ణపటం చొప్పున సూర్యుడి మీది నల్ల మచ్చ నడిబొడ్డున గంట సేపు తీస్తే 3 నిమిషాల ఊపు తేటగా కనిపిస్తుంది. గీత ఒక్కసారిగా నీలం వైపు దూకి, మెల్లగా ఎరుపు వైపు జారుతుంది. గీసి చూస్తే రంపపు పళ్లే. అది కిందినుంచి ఎగసిన ఆఘాత తరంగం (షాక్ వేవ్). ముందు మెగ్నీషియంలో, కొన్ని సెకన్ల తర్వాత సిలికాన్‌లో తగులుతుంది. దీన్ని అదే 42,000 రెట్ల వేగంతో వినిపిస్తే శ్రుతి 230 హెర్ట్జ్. పైగా రంపపు పళ్ల ఆకారం కాబట్టి గరగరలాడుతుంది.