రేజ్ ఇడిస్తే పటాకులే

బుల్లెట్‌కు కంపెనీ సైలెన్సర్ తీపిచ్చి షార్ట్ పైపు ఏయించిన. నల్గొండ క్లాక్ టవర్ దిక్కు ఒక షాపుల పిలగాడు చాయ్ తాగినంత సేపట్ల బిగిచ్చిండు, పైసలు తీస్కున్నడు, "సౌండ్ మస్తుంటదన్నా" అన్నడు. ఉంది, కాదంటలేను. కాని రేజ్ ఇచ్చినప్పుడు కాదు, ఇడిసినప్పుడు. గేరు తగ్గిస్తే ఠప్, స్పీడ్ బ్రేకర్ కాడ ఠప్ ఠప్, ఇంటి ముందల ఆపబోతే పక్కింటి ముసలమ్మ బయటికొచ్చి చూస్తది. ఫోన్ చేస్తే ఆ పిలగాడు ఏమన్నడంటే, "కొత్త పైపు కదన్నా, ఓ 500 కిలోమీటర్లు తిరిగితే సెట్టయితది." అంటే నేను పటాకులు పేల్చుకుంట హైదరాబాద్ రెండుసార్లు పోయి రావాలె, మిగిలిన దానికి మిర్యాలగూడ.

సరే, మొన్న పానగల్ దిక్కు పోతున్న. ముందల శవయాత్ర. డప్పులు, పూలు, పేలాలు, మధ్యల మధ్యల పటాకులు, అంత పెద్దగనే చేస్తున్నరు, ఎవలో పెద్దమనిషే పోయినట్టుంది. మనిషి పోయినకాడ సర్రుమని దాటిపోతే ఏం బాగుంటదని రేజ్ ఇడిసిన.

ఠప్.

పటాకులు కాల్చెటాయన తన చేతిల ఉన్న డబ్బా దిక్కు చూస్కున్నడు. నేను ఇంకా స్లో చేసిన, ఠప్ ఠఠప్. ఇక్కడ కష్టమేందంటే ఈ రోగం మర్యాదకే వస్తది. రేజ్ ఇడిసినప్పుడు ఇంజన్ల పెట్రోలు సక్కగ కాలదు, మిగిలింది పోయి వేడి పైపుల పడ్తది, ఆడ యాడికెల్లన్న ఇంత గాలి దూరిందంటే పేలుతది. ఎంత అణకువ చూపిస్తే అంత లొల్లి. పోనీ రేజ్ ఇచ్చి పోదామంటే పాడె పక్కకెల్లి డుగుడుగుమని పోయేటోన్ని మనిషంటరా? డప్పు కొట్టెటోళ్లల్ల ఒకాయన అప్పటికే నా ఠప్పుకు దరువు కలుపుతుండు, అబద్ధం కాదు.

ఇట్ల కాదని తెలివికి పోయి గేరుల ఉండంగనే చావి బంద్ చేసిన. బండి సప్పుడు లేకుంట జారుతుంది, ఆహా అనుకున్న. జారినంత సేపు ఇంజన్ తిరుగుతనే ఉంటది, కాలని పెట్రోలంత పోయి పైపుల కూసుంటది, గది నాకేం ఎరుక. ఆగిపోయేటట్టున్నదని చావి మల్ల తిప్పిన.

అది ఠప్ కాదు. దీపావళికి కూడ గంత పెద్దది నేను కాల్చలే. డప్పులు ఆగినయ్. ఏడ్చెటోళ్లు ఆగిండ్రు. పాడె మోసెటోళ్లల్ల ముందలాయన వెనకకు తిరిగి చూసిండు, ఆయన తిరిగితే పాడె కూడ కొంచెం తిరిగింది. ఇగ నా పని అయిపాయె, కొడ్తరు అనుకున్న. భుజం మీద తువ్వాల ఏస్కున్న ఒక పెద్దాయన సక్కగ నా దగ్గరికే వచ్చి చెయ్యి పట్టుకుండు. "ఎవల పిలగానివి బిడ్డా? మంచిగ పేల్చినవ్, ముందలికి రా." పక్కాయన "చిన్నల్లుని తరపాయె" అన్నడు, ఇంకొకాయన కాదు మేనమామ దిక్కు అన్నడు, వాళ్లల్ల వాళ్లే ఒక మాట చేస్కోని నన్ను పాడె ముందల పెట్టిండ్రు. నేను ఎవలం కాదని చెప్దామంటే సందు దొరకలే. వెనకకెల్లి పొరగాళ్లు, "అన్నా, ఇంకోటి కొట్టు."

స్మశానం కాడ ఏమైందో రాయను.

తెల్లారి దేవరకొండ రోడ్డుల మెకానిక్ చాచా దగ్గరికి పోయిన. ఆయన సౌండ్ కూడ ఇనలే. ఇంజన్‌కు పైపు కలిసేకాడ నల్లగ మసి గీత ఉంటే దాన్ని ఏలుతోని రాసి నాకు చూపెట్టిండు. "పాత ప్యాకింగే మల్ల ఏసిండు వాడు." గంతే! చిన్న రింగు, గాలి ఆడికెల్లే దూరుతుంది. అది కొత్తది ఎయ్యక నన్ను 500 కిలోమీటర్లు తిరగమన్నడు. చాచా కొత్త ప్యాకింగ్ ఏసి, కార్బొరేటర్ల చిన్న జెట్టు ఒక సైజు పెంచి, ఇంకేందో స్క్రూ తిప్పిండు. ఇప్పుడు ఎప్పుడన్న ఒక్కటి ఠప్పుమంటది, అది లెక్కల లేదు.

"ఠప్పు పోయింది గని ఈ పైపు సౌండ్‌తోని పోలీసోళ్లకు దొరికితే మోటార్ వెహికల్ చట్టంల 190 సెక్షన్" అన్నడు చాచా చేతులు తుడుస్కుంట, "10,000 దాక ఫైను, పైంగ 3 నెలలు లైసెన్స్ బంద్." రోడ్డు మీద పట్టుకునేది నన్నే కదా, షాపుల కూసున్నోన్నా? అక్కడికెల్లే ఆ పిలగానికి ఫోన్ కొట్టిన, నా కంపెనీ సైలెన్సర్ నీ దగ్గర పెట్టిపోయిన, వస్తున్న తీసి పెట్టు అని.

"అది గప్పుడే పోయిందన్నా, వేరేటాయన కావాలంటే బిగిచ్చిన" అన్నడు. "నీకు కూడ ఒకటి చూస్తలే, సెకండ్‌ల."