శాలువాలకు డబ్బులుంటాయి, అప్లికేషన్ చూసిపెట్టే మనిషికి ఉండవు

విజయనగరంలో ఒక కాలేజీ ఆఫీసులో ముప్పై ఏళ్లు అకౌంట్స్ చూసి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి తెలుగు, చరిత్ర రీసెర్చ్ చేసే పిల్లలు గ్రాంట్ల కోసం రాసిన ప్రాజెక్టు అప్లికేషన్లు పట్టుకుని మా ఇంటికొస్తారు. ఫీజు లేదు, టీ మా ఆవిడ ఇస్తుంది. గొప్పకి చెప్పడం లేదు, కడుపుమంటతో రాస్తున్నాను.

మొన్న ఒకమ్మాయి వచ్చింది. టాపిక్ తప్పెటగుళ్లు, మా ఉత్తరాంధ్ర జానపద కళ. ప్రపోజల్ తీస్తే "అనాది కాలం నుండి మానవుడు" అని మొదలైంది. రెండో పేజీ నిండా జానపదానికి నిర్వచనాలు. మూడో పేజీ చివర్లో గానీ తప్పెట చప్పుడు వినపడలేదు. కాగితాలు పక్కన పెట్టి, "ఇంతకీ నీకేం కావాలమ్మా?" అన్నాను.

కాసేపు తల దించుకుని, అప్పుడు చెప్పింది. "మా తాత తప్పెటగుళ్లు ఆడేవోడు మాస్టారూ. రేకు తప్పెట గుండెకి కట్టుకుని, రెండు చేతుల్తో వాయిస్తా, ఎగురుతా పాడాలి కదా. ముసలోళ్లు ఇప్పుడు ఎగరలేరు. కూచోబెట్టి పాడమంటే మధ్యలో ఆగిపోతన్నారు. కాలు ఆడకపోతే పాట గుర్తు రాదంట."

కాలు ఆగితే పాట ఎందుకు ఆగుతుంది? ఇంతకంటే మంచి పరిశోధన ప్రశ్న నేను ఈ మధ్య వినలేదు. అది ఆ మూడు పేజీల్లో ఒక్క చోటా లేదు! అదే మొదటి వాక్యంగా రాయించాను.

బడ్జెట్ చూస్తే ఇంకా టెన్షన్. బస్సు ఛార్జీలకి ఇంత, జిరాక్సులకి ఇంత. పాడేవాళ్లకి సున్నా. పదిహేను మంది కూలి మానుకుని నీకోసం గజ్జె కడితే ఏమీ ఇవ్వవా? "మనోళ్లే మాస్టారూ, అడగరు" అంది. అడగరు కాబట్టే రాయాలి. గజ్జెల మోతలో మాట వినపడదు, మంచి మైకులు కావాలి. గంట పాట విని కాగితం మీద పెట్టడానికి ఒక పూట చాలదు, ఆ పని చేసేవాడికి జీతం కావాలి. తక్కువ అడిగితే ఇచ్చేస్తారనుకుంటారు పిల్లలు. మరీ తక్కువ వేస్తే, పని ఎలా జరుగుతుందో వీళ్లకి తెలియదని చూసేవాళ్లకి అర్థమైపోతుంది.

ఇవన్నీ వాళ్లకి నేర్పిందెవరు? పరిశోధనకి గ్రాంట్లిచ్చే కేంద్ర సంస్థలు ఢిల్లీలో రెండున్నాయి: ఐసీఎస్ఎస్ఆర్ 1969 నుంచి ఉంది, ఐసీహెచ్ఆర్ 1972 నుంచి ఉంది. మొదటిది సమాజశాస్త్రాలకి, రెండోది చరిత్రకి. వట్టి సాహిత్య విమర్శ పట్టుకెళ్లి మొదటిదాని గుమ్మంలో పెట్టి, రాలేదని ఏడ్చినవాళ్లని చూశాను. బెంగళూరులో కళల మీద పనికి గ్రాంట్లిచ్చే ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఉంది, అక్కడికి ప్రపోజల్ తెలుగులోనే రాసి పంపొచ్చు. ఈ మాట చెబితే పిల్లల మొహాలు చూడాలి. సగం భయం ఇంగ్లీషుదే మరి.

డబ్బు వచ్చాక ఇంకో కథ. మా కాలేజీలోనే ఒక లెక్చరర్ ప్రాజెక్టుకి రెండో విడత ఆగిపోయింది. ఖర్చు చేశారు, బిల్లులున్నాయి. జీఎఫ్ఆర్ 12-ఏ, అంటే ఇచ్చిన డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందని చెప్పే యూటిలైజేషన్ సర్టిఫికెట్, మీద సంతకం కావాలి. ఫైలు నా బల్ల మీంచి పై గదికి వెళ్లి అక్కడే నెలల తరబడి పడుకుంది. నేనూ గట్టిగా అడగలేదు. ఆ తప్పులో నా వాటా ఉంది, అందుకే ఇప్పుడు ఉచితంగా చేస్తున్నానేమో.

ఒక పెద్దాయన నాతో వాదించారు: "గిడుగు రామమూర్తి గారికి ఎవరిచ్చారయ్యా గ్రాంటు?" పర్లాకిమిడిలో పంతులుగా చేస్తూ సొంత డబ్బుతో సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి బడి పెట్టిన మహానుభావుడాయన. నిజమే. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో అచ్చు వేసింది మాత్రం మద్రాసు ప్రభుత్వం. పైగా అందరూ ఇల్లు గుల్ల చేసుకుని పరిశోధించాలని రూలా? ఏటా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, ఆయన ఫొటోకి దండ వేసి, అరడజను శాలువాలు కప్పుకుని, "జనంలోకి వెళ్లాం" అని రిపోర్టు రాసేస్తాం. ఆ ఖర్చుతో యూనివర్సిటీకి ఒక మనిషిని పెట్టుకోండి సార్. ఫారం చదివి, లెక్క సరిచూసి, గడువు గుర్తు చేసే మనిషిని.

జనంలోకి వెళ్లడమంటే నాకు తెలిసింది శ్రీకాకుళంలో కథల లైబ్రరీ, కథానిలయం. 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు మొదలుపెట్టారు. అక్కడ తెలుగు కథ కోసం వెళ్లినవాడికి కథ దొరుకుతుంది. ఫ్లెక్సీతో పని లేదు.

ఆ అమ్మాయి ట్రయల్‌గా ఫోన్‌లో రికార్డు చేసిన పాటని ఊరి రచ్చబండ దగ్గర వినిపించిందట. ఒక తాత లేచి, "ఆ మాట అది కాదే, తప్పు రాసుకున్నావు" అని, నిలబడి రెండడుగులు వేసి చరణం అందుకున్నాడట. ఆమె నోట్సులో మూడు చోట్ల కొట్టివేతలు నాకు చూపించింది. ప్రపోజల్లో "అవుట్‌రీచ్" అన్న గడిలో వర్క్‌షాప్, సెమినార్ అని ఉన్నది తీయించి ఇదే రాయించాను. బడ్జెట్లో ఒక స్పీకర్ బాక్సు కూడా కలిపాం.

ఇది టైప్ చేస్తుండగానే ఆ పిల్ల ఫోను. రేపే ఆఖరి తేదీ. అన్నీ అయ్యాయి, హెడ్ గారి సంతకం ఒక్కటే మిగిలింది. ఆయన వైజాగ్‌లో ఏదో సన్మానానికి వెళ్లారట.