భూకంపం వచ్చిన నిమిషంలో కరెంటు ఉంటుందా?

2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే హైదరాబాద్ దాకా తెలిసింది. ఇలాంటప్పుడల్లా స్మార్ట్ మెటీరియల్స్ మాట, అంటే పరిస్థితిని బట్టి తమ గుణం మార్చుకుని కట్టడాన్ని కాపాడే పదార్థాల మాట, పైకొస్తుంది. మంచిదే, కానీ స్మార్ట్ అనగానే మనవాళ్లు సెన్సర్లు, కంప్యూటర్ల వైపే చూస్తారు. నాకు అక్కడే పేచీ.

కట్టడం ఊపును తగ్గించే ఎంఆర్ (మాగ్నెటోరియలాజికల్) డ్యాంపర్‌నే తీసుకోండి. బైక్ షాకబ్జార్బర్ లాంటిదే, కాకపోతే లోపలి నూనెలో సన్నటి ఇనప పొడి కలుపుతారు. సెన్సర్లు ఊపును పసిగడితే చుట్టూ ఉన్న కాయిల్‌లో కరెంటు పారుతుంది, అప్పుడు ఆ పొడి గొలుసులు కట్టి, రెప్పపాటులో నూనె చిక్కటి పేస్టులా బిగుస్తుంది. కరెంటు ఆపితే మళ్లీ పలచన. టోక్యోలోని మిరైకాన్ సైన్స్ మ్యూజియంలో 2001లో ఇవి పెట్టారు. మరుసటేడు చైనాలో డాంగ్‌టింగ్ సరస్సు వంతెన కేబుళ్లకు బిగించారు, వానా గాలీ కలిసొస్తే ఆ కేబుళ్లు పిచ్చిగా ఊగేవి మరి.

వంతెనకు ఇది బాగా నప్పుతుంది. గాలి తరచూ వీస్తుంది కాబట్టి ఏది పాడైనా వెంటనే బయటపడుతుంది. భూకంపం అలా కాదు, ముప్పై ఏళ్లకోసారి రావచ్చు, అప్పటిదాకా ఆ సెన్సర్లనూ వైర్లనూ చూసుకునేదెవరు? మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ బ్యాటరీ చచ్చిన సంగతి కరెంటు పోయిన రోజే తెలిసింది! కరెంటు లేకున్నా ఈ డ్యాంపర్ మామూలు డ్యాంపర్‌లా కొంత పనిచేస్తుంది, నిజమే, కానీ మనం డబ్బు పోసింది ఆ కొంత కోసం కాదుగా.

నా ఓటు నిటినాల్‌కి. నికెల్, టైటానియం కలిపిన లోహం, పిల్లల పళ్ల క్లిప్పుల్లో ఉండే సన్న తీగ చాలావరకు ఇదే. మామూలు ఉక్కు తీగను వంచితే వంగినట్టే ఉండిపోతుంది. దీన్ని వదలగానే తిన్నగా అవుతుంది, పొడవులో ఆరేడు శాతం సాగదీసినా వెనక్కొస్తుంది, అలా సాగి వచ్చేటప్పుడు ఊపులోని శక్తిని కొంత మింగేస్తుంది. సెన్సర్ అక్కర్లేదు, స్విచ్ అక్కర్లేదు.

ఇటలీవాళ్లు దీన్ని పాత కట్టడాల్లో వాడారు. 1997 భూకంపంలో అసీసీలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి పైకప్పు కొంత కూలి నలుగురు చనిపోయాక, మరమ్మతుల్లో గోడకూ కప్పుకూ మధ్య ఈ లోహంతో చేసిన పరికరాలు పెట్టారు. ఆ దేశంలోనే ట్రిన్యానో అనే ఊళ్లో 1996 భూకంపంలో దెబ్బతిన్న గంటల గోపురానిది ఇంకా మంచి కథ. లోపల నాలుగు మూలలా ఉక్కు కడ్డీలు దించి, వాటికి నిటినాల్ తీగల పరికరాలు జోడించారు. 2000లో దాదాపు అంతే తీవ్రతతో మళ్లీ భూకంపం వచ్చింది. గోపురం చెక్కుచెదరలేదు.

మన కొత్త అపార్ట్‌మెంట్లకు ఇవేవీ వద్దంటాను. కింద పార్కింగ్ కోసం ఉత్త పిల్లర్లు వదిలేసి, వాటి రింగుల (పిల్లర్‌లో నిలువు ఊచల చుట్టూ కట్టే సన్న ఊచల) కొక్కేలు 135 డిగ్రీలు వంచాల్సింది 90తో సరిపెట్టే చోట నిటినాల్ ఏం చేస్తుంది? ఊచలు వంచే బార్ బెండర్ పక్కన నిలబడి చూసుకుంటే పైసా ఖర్చు లేదు.

రామప్ప గుడి సంగతి వేరు. మొదట చెప్పిన డిసెంబరు ప్రకంపన వచ్చింది ఈ గుడి ఉన్న ములుగు జిల్లాలోనే. 1213 నాటి గుడి, ఇసుక నింపిన పునాది, రాయి మీద రాయి. కాంక్రీటు పోసి బిగిద్దామంటే గుడి గుడిలా మిగలదు. సన్నటి తీగలాంటిదేదైనా ఆలోచించాల్సింది అక్కడే. అయితే అదీ రేపే కాదు, ముందు కదలికను కొలిచే యాక్సిలరోమీటర్లు నాలుగు పెట్టి ఆ రాళ్లు ఎలా కదులుతున్నాయో ఓ ఏడాది రాసుకోవాలి.