చిత్తూరు టంకశాల

నాణేలు ముద్రించే హక్కు కేంద్ర ప్రభుత్వానిదేనని చట్టం చెబుతోంది. ఆ చట్టం రాసినవాళ్లు కిరాణా కొట్టుకి ఎప్పుడూ వెళ్లినట్టు లేదు. నాకు తెలిసి మా వైపు చిల్లర భారమంతా ఏళ్ల తరబడి చిత్తూరే మోసింది.

1952లో బి.వెంకటరామరెడ్డి అక్కడ న్యూట్రిన్ కంపెనీ పెట్టారు. పెట్టింది మిఠాయి ఫ్యాక్టరీ, అయింది టంకశాల. కొట్లలో చిల్లరకి బదులు చేతిలో పెట్టే మహాలాక్టో టాఫీలు అక్కడివే. శాతవాహనుల సీసపు నాణేల మీద పరిశోధనలు చేసే మన చరిత్రకారులు మహాలాక్టో జోలికి మాత్రం పోలేదు. పావలాకి 2011లో చెల్లుబాటు పోయింది, మహాలాక్టో ఇంకా చెల్లుతోంది. ఇంతకన్నా ఏం అర్హత కావాలి?

కరెన్సీ విలువ కరిగిపోతోందని ఆర్థికవేత్తలు వాపోతుంటారు. మే నెలలో మా చొక్కా జేబుల్లో అది అక్షరాలా జరిగేది. ఒలిస్తే కాగితం ఊడొచ్చేది కాదు. సగం కాగితంతో సహా నమిలేవాళ్లం. చీమలు పట్టే కరెన్సీ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

ఒక్కటే లోపం. ఇది ఒకవైపే చెల్లుతుంది. ఓసారి సాయంత్రం రూపాయి తక్కువైతే రెండు మహాలాక్టోలు బల్ల మీద పెట్టాను. కొట్టాయన దొంగనోటు చూసినట్టు చూశాడు.

"ఇవి తీసుకోమండీ."

పొద్దున ఇచ్చింది ఆయనే.

వాటిని తిరిగి డబ్బుగా మార్చుకోగలిగినవాళ్లు ఒక్కరే కనిపిస్తున్నారు, ముద్రించిన కుటుంబం. 2006లో గోద్రెజ్ వాళ్లు డబ్బులిచ్చి టంకశాలనే కొనేశారు. మరుసటి ఏడే గోద్రెజ్‌కి అమెరికా సంబంధం కుదిరింది. వరుడు హెర్షీ చాక్లెట్ కంపెనీ, వాటా 51 శాతం. (మన పెళ్లిళ్లలో ఈ లెక్క ఇంత నిజాయితీగా ముందే చెప్పరు.) 2012లో మిగతా వాటా కూడా వరుడే కొనేసి వేరు కాపురం పెట్టాడు. పిల్ల, అంటే మన న్యూట్రిన్, అటే ఉండిపోయింది.

ఈ హెర్షీ వంశం కథ ఇంకా వింత. పెన్సిల్వేనియాలో మిల్టన్ హెర్షీ మొదట చేసింది క్యారమెల్ టాఫీలే. వాటి మోజు నాలుగు రోజులే, నిలబడేది చాక్లెట్టే అనుకుని 1900లో ఆ వ్యాపారాన్ని పది లక్షల డాలర్లకు వదిలించుకున్నాడు. పిల్లలు లేరు, ఆస్తి తగాదాలూ లేవు. 1918లో కంపెనీ వాటాలన్నీ అనాథ పిల్లల బడి ట్రస్టుకి రాసేశాడు. ఆయన వద్దనుకున్న ఆ టాఫీ కోసమే, నూటేడేళ్ల తర్వాత ఆయన కంపెనీ చిత్తూరు సరుకు వెతుక్కుంటూ వచ్చింది.

మొన్న అదే కొట్టులో ముప్ఫై ఎనిమిది రూపాయల సరుకులు కొన్నాను. స్కాన్ చేస్తే ముప్ఫై ఎనిమిదే పోయాయి, పైసా తేడా లేదు. టాఫీల సీసా పక్కనే ఉంది. అలవాటుగా చెయ్యి చాపాను.

"కొనుక్కోవాలండీ," అన్నాడు.

మళ్లీ ఫోన్ తీశాను. మహాలాక్టోని డబ్బులిచ్చి కొనడం నా జీవితంలో అదే మొదటిసారి.