కనమనేది సర్కారు, కాసులు పౌడర్ల వారికి

నెల్లూరులో, ఒంగోలులో ఏ కూడలిలో చూసినా ఇప్పుడు ఒకటే రకం ఫ్లెక్సీ. ఎడమవైపు లావుపాటి అమ్మాయి. కుడివైపు సన్నబడి, చంటిబిడ్డను ఎత్తుకున్న అదే అమ్మాయి. మధ్యలో ‘మూడు నెలల్లో బరువు మాయం, ఆపై శుభవార్త’. కింద బారెడు అక్షరాల్లో ఫోను నంబరు. డాక్టరు పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. ఎక్కువమంది పిల్లలను కనండని రాష్ట్ర ప్రభుత్వం ఊదరగొడుతున్న సమయంలోనే బరువు తగ్గించే పౌడరు డబ్బాల ఈ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతోంది. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో ఎత్తేసిన పాలకులు, కనాలని ఉన్నా నెల తప్పని ఆడపిల్లను మాత్రం ఫ్లెక్సీల పాలు చేశారు.

బరువుకూ సంతానానికీ సంబంధం ఉన్నమాట నిజమే కదా అని ఆ వ్యాపారులు అనవచ్చు. నిజమే. ఒంట్లో కొవ్వు పెరిగి, చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే, శరీరం ఆ ఇన్సులిన్‌నే మరింత తయారు చేస్తుంది. ఆ ఒత్తిడికి అండాశయంలో పురుష హార్మోన్లు ఎక్కువవుతాయి. నెలసరి గతి తప్పుతుంది, అండం విడుదల కాదు. నీటి బుడగలని మన ఇళ్లలో చెప్పుకునే పీసీఓఎస్‌లో చాలామందికి జరిగేది ఇదే. కానీ 80 కిలోల మనిషి 50కి దిగనక్కర్లేదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం, అంటే నాలుగు నుంచి ఎనిమిది కిలోలు తగ్గినా చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. ఇంత చిన్న లెక్క చెబితే డబ్బాలు అమ్ముడుపోవు.

బక్కపలచని వారి ఊసు ఫ్లెక్సీలో అసలే లేదు. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బాడీ మాస్ ఇండెక్స్ 18.5కు దిగువన ఉంటే, తిండి చాలడం లేదని గ్రహించిన మెదడు అండాశయానికి పంపే సంకేతాలను తగ్గించేస్తుంది. పొద్దున్నే గ్లాసుడు టీ తాగి పొగాకు గ్రేడింగుకు వెళ్లే ప్రకాశం జిల్లా అమ్మాయికి కావలసింది కడుపునిండా అన్నం, పప్పు, గుడ్డు. ఆమెకూ ఇదే పౌడరు అంటగడితే అడిగేదెవరు?

అన్నట్టు, ఆ బొమ్మల్లో మగవాడు ఒక్కడూ కనిపించడు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మంది విషయంలో పురుషుడి వైపు లోపానికీ పాత్ర ఉంటుంది. ఊబకాయం వీర్యకణాలనూ దెబ్బతీస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో అధిక బరువున్న మహిళలు 36 శాతమైతే, పురుషులు 31 శాతం. అయినా ‘విశేషం ఏమైనా ఉందా’ అన్న ఆరా కోడలికే, తూకం కోడలికే, గొడ్రాలన్న నింద కూడా కోడలికే.

ఈ ప్రకటనలను అడ్డుకునే చట్టం లేదా? 1954 నుంచీ ఉంది. మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం షెడ్యూలులో ఊబకాయం, స్త్రీలలో వంధ్యత్వం రెండూ ఉన్నాయి. వాటిని నయం చేస్తామంటూ మందును ప్రచారం చేస్తే తొలి నేరానికి ఆరు నెలల వరకు జైలు. ప్రచురణలో పాలుపంచుకున్న ఎవరికైనా, పత్రికలు సహా, ఇది వర్తిస్తుంది. అందుకే గడుసువాళ్లు డబ్బా మీద ‘ఆహార పదార్థం’ అని అచ్చేస్తున్నారు. అలాగైనా తప్పించుకోలేరు. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది.

కనమని పిలుపునిచ్చే సర్కారు చేస్తున్నదేమిటి? బీపీ, షుగరు పరీక్షల జాతీయ కార్యక్రమం ప్రధానంగా 30 ఏళ్లు దాటినవారికి. అంగన్‌వాడీలో తూకం గర్భం నిలిచాక. పెళ్లయి, బిడ్డ కోసం ఎదురుచూసే 24 ఏళ్ల అమ్మాయి ఈ రెంటి మధ్యా ఎవరికీ పట్టదు. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ సూదిని గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలన్న ముక్కయినా ఆమెకు చెప్పే నాథుడు లేడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికొక పూట భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, ఇద్దరినీ తూచి, ఇద్దరికీ పరీక్షలు రాసివ్వడానికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. ఆ మాత్రం చేయనివారికి జనాభా మీద ఉపన్యాసాలెందుకు?

ఫ్లెక్సీ మీద నంబరు అందరికీ కనిపిస్తూనే ఉంది. ఫోను చేసి ఆచూకీ తీయడానికి ఔషధ తనిఖీ, ఆహార భద్రత అధికారులకు ఇంకెవరి అనుమతి కావాలి? ముందు ఆ పని చేయించండి. ఎంతమందిని కనాలో ఆడవాళ్లకు ఆ తర్వాత చెబుదురుగాని.