గొంతు చించుకుంటే క్వయర్ పాట పెరగదు

డిసెంబరు దగ్గర పడేసరికి చర్చి క్వయర్ల (పాటల బృందాల) వాట్సాప్ గ్రూపుల్లో గొంతు జాగ్రత్తల మెసేజ్ ఒకటి తిరుగుతుంది. అది చెప్పేవి నాలుగు. తేనె, మిరియాలు మింగితే స్వర తంతువులు (గొంతులో అదురుతూ స్వరం పుట్టించే పొరలు) శుభ్రపడతాయి. గాలి పొట్టలోకి పీల్చాలి. ఎంత గట్టిగా పాడితే గొంతు అంత తెరుచుకుంటుంది. గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడుతూ నెట్టుకురావాలి. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతారు. కానీ ఆ మూడోదాన్ని నమ్మి, సరిగ్గా పండగ నాటికి గొంతు పోగొట్టుకునే పిల్లలు ఉన్నారు. నా బాధల్లా అదే.

ముందు తేనె సంగతి. మనం మింగింది ఏదీ స్వర తంతువులకు తగలదు. మింగేటప్పుడు స్వరపేటిక మీద మూత పడుతుంది, తేనె అన్నవాహికలోకి పోతుంది. ఒక్క చుక్క దారి తప్పినా పొలమారి ఉక్కిరిబిక్కిరి అవుతాం కదా! తేనె గొంతుకు హాయిగా ఉంటుంది, తాగండి, తప్పులేదు. తంతువులకు తడి అందాలంటే మాత్రం రోజంతా కొంచెం కొంచెంగా నీళ్లు తాగాలి. పాటకు పది నిమిషాల ముందు చెంబెడు తాగితే సరిపోదు.

పొట్టలోకి గాలి పోదు, ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, డయాఫ్రం, కిందికి దిగినప్పుడు పొట్ట దానంతటదే ముందుకొస్తుంది, బలవంతంగా ఉబ్బించక్కర్లేదు. నేర్చుకోవాల్సింది గాలి వదలడం. "స్‌స్" అంటూ ఒకే తీరున, చివర్లో తోయకుండా వదిలి చూడండి.

ఇక గట్టిగా పాడటం. చుట్టూ హోరు ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లోంబార్డ్ 1911లోనే చెప్పాడు. క్వయర్‌లో జరిగేది అదే. కీబోర్డు సౌండ్ పెంచుతారు, టెనార్లకు (పై స్థాయిలో పాడే మగవాళ్లకు) తమ గొంతు తమకు వినపడదు, అరుస్తారు. వాళ్లను మించాలని సొప్రానోలు (అన్నిటికన్నా పై స్వరాలు పాడే ఆడవాళ్లు) అరుస్తారు. శృతి పోతుంది. 440 హెర్ట్జ్ స్వరం పాడేటప్పుడు తంతువులు సెకనుకు 440 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. అరిస్తే ఆ తాకిడి ఇంకా బలంగా ఉంటుంది. వాపు వస్తుంది, అలాగే సాగితే తంతువుల మీద కాయలు కడతాయి. గొంతు మారే వయసులో ఉన్న అబ్బాయిల చేత హైపిచ్‌లో అరిపించడం మరీ అన్యాయం.

నిండుగా వినపడాలంటే అచ్చులు కలవాలి. "రాజా" అనే మాటలో "ఆ"ను సగం మంది నోరు తెరిచి, సగం మంది పెదాలు బిగించి పాడితే ఎంత అరిచినా ముద్దగానే ఉంటుంది. అందరూ ఒకేలా నోరు తెరిచి, సగం గొంతుతో పాడి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది. మనిషికీ మనిషికీ మధ్య మూరెడు ఎడం ఇస్తే ఎవరి గొంతు వాళ్లకు వినపడుతుంది. చరణం పొడవైతే అందరూ ఉగ్గబట్టుకోవాల్సిన పనిలేదు. ఒకరు ఊపిరి తీసుకుంటుంటే పక్కవాళ్లు స్వరం నిలబెడతారు. ఒంటరిగా పాడేవాళ్లకు లేని వెసులుబాటు ఇది, మనమేమో వాడుకోం.

గుసగుస విశ్రాంతి కాదు. చాలామంది గుసగుసలాడేటప్పుడు గొంతు ఇంకా బిగిస్తారు. మౌనంగా ఉండటం మేలు, తప్పదంటే మామూలు గొంతుతో మెల్లగా మాట్లాడాలి. మాటిమాటికీ గొంతు సవరించుకోకూడదు. ఆవిరి పడితే ఆ తడి నేరుగా తంతువులకే అందుతుంది. మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. అంతవరకు ఆ అమ్మాయినో అబ్బాయినో ప్రాక్టీసుకు రానివ్వండి, పాడించకండి. పాటల కాగితాల మీద ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిలుతో గుర్తులు పెట్టే పని అప్పగించండి.