పెరుగన్నానికి శవ పంచనామా

సోమవారం ఉదయం 6 గంటల 40 నిమిషాలకు, మా ఫ్లాటు హాల్లో, మావారి ఆఫీసు బ్యాగు లోపలి అరలో, శుక్రవారం నాటి లంచ్‌బాక్సు అచేతనంగా పడి ఉండగా కనుగొనడమైనది. ఘటనాస్థలానికి అందరికంటే ముందు చేరినది నా ముక్కు. పంచాయతీదారులుగా నేను, మా పదేళ్ల అబ్బాయి, అప్పుడే చీపురు పట్టుకుని లోపలికొచ్చిన పనావిడ హాజరయ్యాం. "నేను మాత్రం దాని మూత తియ్యనమ్మా" అని పనావిడ ముందే వాంగ్మూలం ఇచ్చేసింది.

మృతుని పేరు పెరుగన్నం. వయసు మూడు రోజులు. ప్లాస్టిక్ మూత నడుమ పూరీలా పొంగి ఉంది. ఒక పక్క క్లిప్పు తీశానో లేదో రెండోది దానంతటదే లేచి 'టప్' మంది. అబ్బాయి సోఫా ఎక్కాడు. లోపల పైన పచ్చటి నీళ్లు తేరి ఉన్నాయి. కింద అన్నం మీద అక్కడక్కడా గులాబీ రంగు మరకలు. కరివేపాకు గుర్తుపట్టలేని స్థితిలో ఉంది. ఒక మూల ఆవకాయ ముక్క మాత్రం చెక్కుచెదరకుండా, ఇప్పుడే జాడీలోంచి తీసినట్టు కూర్చుని ఉంది. ప్రళయం వచ్చిపోయాక కూడా ఆవకాయ ముక్క అలాగే ఉంటుందని నా నమ్మకం. సదరు ముక్కను సాక్షిగా నమోదు చేశాం.

మరణానికి కారణం: వేసవిలో మూతేసిన డబ్బాలో అరవై గంటల పైచిలుకు నిర్బంధం. పెరుగులో బ్యాక్టీరియా బతికే ఉంటుంది కదా, దాని పని అది చేసుకుపోయింది. ఎవరూ గుర్తు చెయ్యలేదు, ఎవరూ బతిమాలలేదు. ఈ ఇంట్లో నేను కాక ఒకరు చెప్పకుండా పనిచేసే ప్రాణి అదొక్కటే.

ఇక నిందితుడి వాంగ్మూలం. బ్రష్ నోట్లో పెట్టుకుని వచ్చి, డబ్బా వైపు చూసి, ముక్కు మూసుకుని, ఎంతో బాధగా అన్నారు: "చెప్తే తీసేవాణ్ణి కదా!"

చెప్తే.

బాక్సు బ్యాగులో ఉంది. బ్యాగు మీ భుజాన వచ్చింది. అందులో అన్నం తిన్నది మీరు. ఈ మూడు సంగతులూ తెలిసిన ఏకైక వ్యక్తి మీరే. నేనేం చెప్పాలి? "ఏమండీ, తిన్న డబ్బా సింకులో పెట్టాలండీ" అనా? ఆ మాట మా అబ్బాయికి యూకేజీలో ఒకసారి చెప్పాను. మళ్లీ చెప్పలేదు.

ఈ నిందితుడు మామూలు మనిషి కాదని పాఠకులు గమనించాలి. ఆఫీసులో టీమ్ లీడ్. రోజూ పొద్దున పదకొండు మందిని వరసగా పిలిచి, నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఏది ఎందుకు ఆగిపోయింది అని అడుగుతారు. ఒక పని మూడు రోజులు కదలకపోతే రాత్రి పన్నెండింటికి మెయిల్ పెడతారు. "ఓనర్‌షిప్ తీసుకోవాలమ్మా" అని ఫోనులో ఎవరో పాపం పిల్లకి క్లాసు తీసుకోవడం నా చెవులతో విన్నాను, ఆయన కాళ్ల దగ్గర విడిచిన సాక్సు ఏరుతూ. అదే మనిషి ఇంటి గడప దాటి లోపలికొస్తే పన్నెండేళ్లుగా ట్రైనీ. గ్యాస్ బుక్ చెయ్యాలని చెప్పాలి. బుక్ చెయ్యమని చెప్పానని గుర్తు చెయ్యాలి. గుర్తు చేస్తే "ఎన్నిసార్లు చెప్తావ్?" అని విసుక్కుంటారు.

"మగవాళ్లకి అవన్నీ కనపడవమ్మా, పాపం" అంటారు అత్తయ్యగారు. పార్కింగ్‌లో కారు మీద పడ్డ గోరంత గీత మాత్రం లిఫ్టు దగ్గర నుంచే కనపడుతుంది. "అయినా మావాడు నీకు చాలా సాయం చేస్తాడు" అని కూడా అంటారావిడ. సాయం పక్కింటివాళ్లు చేస్తారండీ. సొంతింట్లో చేస్తే దాన్ని పని అనాలి.

ఇది మా ఇంటి గొడవేనని మీరెవరూ అనుకోరని తెలుసు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం ఎవరి రోజు ఎలా గడుస్తోందో దేశమంతా తిరిగి అడిగింది. ఆరేళ్లు దాటిన మగవాళ్లలో ఇంటిపనిలో చెయ్యి పెట్టినవాళ్లు నూటికి 26 మంది. ఆడవాళ్లు 81. చేసినవాళ్లలోనూ ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97. 2024లో మళ్లీ అడిగారు. ఆడవాళ్లవి 289కి దిగాయి, పది నిమిషాలు తగ్గాయని సంతోషిద్దామనుకునేలోపు మగవాళ్లవి కూడా 88కి దిగాయి. పనిచేసే మగవాళ్లు మాత్రం నూటికి 27కి పెరిగారు. ఆ పెరిగిన ఒక్కడూ ఏ ఊళ్లో ఉన్నాడో, ఏ ఇల్లాలి అదృష్టమో.

ఈ అంకెలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక జంట కేసులో, 2021 జనవరిలో, మన అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన జస్టిస్ ఎన్.వి. రమణ ఆ 299ని, 97ని తీర్పులో రాశారు. వంట, సరుకులు, శుభ్రం, పిల్లలు, ముసలివాళ్లు అంటూ ఇల్లాలు చేసే పనుల జాబితా కూడా రాసి, దీనికి ఆదాయం లెక్క కట్టాల్సిందేనన్నారు. అంతకుముందు, 1989 నాటి జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో, 2001లో ఇదే కోర్టు ఇల్లాలి సేవలకు నెలకు 3,000 రూపాయలని కట్టింది. రోజుకి వంద.

చూశారా, లెక్క ఎప్పుడు కట్టారో? కారు గుద్దాకో, మంటల్లో కాలాకో. బతికుండగా చేసిన పనికి రూపాయి విలువ లేదు, పోయాక నష్టపరిహారం! ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు, ఒళ్లు మండుతోంది. 2011 జనాభా లెక్కలకి మా పుట్టింటికొచ్చినాయన అమ్మ గురించి "ఆవిడ ఏం చేస్తారు?" అని అడిగితే, మా నాన్న వరండాలోంచి "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. ఆ అడిగినాయన చేతిలో అమ్మ పెట్టిన టీ ఉంది. నాన్న చేతిలోనూ ఉంది. అమ్మ లోపల గిన్నెలు తోముతోంది, ఆ చప్పుడు ఇద్దరికీ వినపడుతూనే ఉంది. ఆ ఏడు ఇంటిపనే మా పని అని రాయించుకున్న ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు. నలభై ఏళ్లు అయిదింటికి లేచిన మనిషిని పట్టుకుని ఏమీ చెయ్యదట! నాన్నని ఆ రోజే అడగాల్సింది. నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆ నోరు ఇక్కడ తెరుస్తున్నాను.

సరే, పంచనామాకి వస్తాను. మృతదేహాన్ని నేను కడగలేదు. పనావిడని కడగనివ్వలేదు. మూత బిగించి, నిందితుడి పని బల్ల మీద, ల్యాప్‌టాప్‌కి కుడిపక్కన పెట్టాను. ఏమీ చెప్పలేదు.

ఇవాళ బుధవారం. డబ్బా ఇంకా బల్ల మీదే ఉంది. కాకపోతే నిన్న రాత్రి కుడిపక్క నుంచి ఎడమపక్కకి జరిగింది. మౌస్‌కి అడ్డమొస్తోందట.